పదికి ఎంత నొప్పి? అమెరికా ఎమర్జెన్సీ గదుల్లో పిల్లలు, నొప్పి మందు, జాతి తేడా

సంక్షిప్తంగా

అమెరికా ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలకు ఒకే జబ్బుతో, ఇంచుమించు ఒకే నొప్పితో వచ్చిన పిల్లల్లో నల్లజాతి, హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్న) పిల్లలకు మార్ఫిన్ లాంటి బలమైన మందు తక్కువగా అందుతోందని అక్కడి అధ్యయనాలు పదేళ్లకు పైగా చెబుతూ వస్తున్నాయి. జబ్బు ఏదో తేలిపోయిన కేసుల్లో మామూలు నొప్పి మందు దగ్గర ఈ తేడా పెద్దగా లేదు. ఒక పెద్ద అధ్యయనంలో అది తిరగబడింది కూడా. తేడా బయటపడేది ఆ పై మెట్టు మీద, ఇవ్వాలా వద్దా అన్నది డాక్టర్ విచక్షణకు వదిలేసిన చోట. ఆ తేడాకు మూలం డాక్టర్ మనసులో ఉందా, ఆసుపత్రి పద్ధతిలో ఉందా అన్నదే అసలు వాదన. ఇప్పటిదాకా వచ్చిన ఆధారాలు పద్ధతి వైపే ఎక్కువ మొగ్గుతున్నాయి.

మందు చేతికి రావడానికి ఎన్ని మెట్లు

అమెరికాలో చెయ్యి విరిగిన ఎనిమిదేళ్ల పిల్లవాడిని ఎమర్జెన్సీకి తీసుకెళ్తే ముందు చూసేది డాక్టర్ కాదు, ట్రయాజ్ నర్సు. ఎవరిని వెంటనే లోపలికి పంపాలి, ఎవరు కాసేపు కూర్చోవచ్చు అన్నది తేల్చేది ఆమే. జ్వరం, నాడి, ఆక్సిజన్ చూశాక నొప్పి సంగతి అడుగుతుంది. అంకెలు తెలిసిన పిల్లలైతే సున్నా నుంచి పది వరకు ఎంతో చెప్పాలి. చిన్నపిల్లలకు ఆరు ముఖాల బొమ్మ చూపిస్తారు. నవ్వు ముఖంతో మొదలై కన్నీళ్ల ముఖంతో ముగిసే ఆ వరుసలో బిడ్డ తన ముఖం ఏదో వేలు పెట్టి చూపాలి. మాటలే రాని బిడ్డకైతే నర్సే మార్కులు వేస్తుంది. ముఖం ఎలా పెట్టాడు, కాళ్లు ఎలా కదుపుతున్నాడు, ఒళ్లు ఎలా మెలి తిప్పుతున్నాడు, ఏడుపు ఎలా ఉంది, ఎత్తుకుంటే ఊరుకుంటున్నాడా అన్న ఐదింటికీ సున్నా, ఒకటి, రెండు చొప్పున వేసి పదికి లెక్క కడుతుంది. నాలుగు నుంచి ఆరు దాకా ఓ మోస్తరు నొప్పి, ఏడు నుంచి పది దాకా తీవ్రమైన నొప్పి అన్నది వాడుకలో ఉన్న కొలత.

ఆ అంకె పడ్డాక రెండు దారులు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి తేలిక దారి. చాలా ఆసుపత్రుల్లో డాక్టర్ చూడకముందే నర్సు ఇచ్చేయడానికి ముందే రాసిపెట్టిన అనుమతి ఉంటుంది. సిరప్పు కొలిచి తాగిస్తే పని అయిపోతుంది. మార్ఫిన్, ఫెంటనిల్ లాంటి ఓపియాయిడ్ల దారి వేరు. డాక్టర్ ఆర్డర్ రాయాలి. తాళం వేసిన మందుల యంత్రాన్ని నర్సు తన పేరు మీద తెరవాలి. మిగిలిన మందును మరో నర్సు సాక్షిగా పారబోయాలి. చాలాసార్లు బిడ్డకు సూది గుచ్చి సెలైన్ లైను పెట్టాలి. ఇచ్చాక ఊపిరి మందగించకుండా కాసేపు కనిపెట్టుకుని ఉండాలి. ఇందులో ప్రతి మెట్టు మీదా ఎవరో ఒకరు "ఈ బిడ్డకు ఇంత అవసరమా" అన్న ప్రశ్నకు తమలో తాము జవాబు చెప్పుకోవాలి. జాతి తేడా లెక్కల్లోకి వచ్చేది ఇక్కడే.

ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి లెక్క

మన ఊళ్లలో ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి అని పిలిచే అపెండిసైటిస్ ఈ పరీక్షకు బాగా పనికొచ్చే జబ్బు. అది బాధ పెట్టే జబ్బన్న విషయంలో ఏ డాక్టరుకూ అనుమానం ఉండదు. ఓపియాయిడ్ ఇవ్వవచ్చా అన్న వాదనా పెద్దగా లేదు. మోనికా గోయల్, ఆమె సహ పరిశోధకులు 2015లో అచ్చువేసిన అధ్యయనం దీన్నే తీసుకుంది. 2003 నుంచి 2010 వరకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సర్వేలో నమోదైన ఎమర్జెన్సీ కేసులను చూసింది. దేశం మొత్తానికి అంచనా వేస్తే దాదాపు 9.4 లక్షల మంది పిల్లల లెక్క అది.

జాతితో సంబంధం లేకుండా చూసినా ఫలితం బాగోలేదు. ఏదో ఒక నొప్పి మందు అందింది 56.8 శాతం మందికే. ఓపియాయిడ్ అందింది 41.3 శాతానికి. అంటే అపెండిక్స్ వాచి ఆసుపత్రికి వచ్చిన ప్రతి పది మంది పిల్లల్లో నలుగురికి పైగా ఏ నొప్పి మందూ ముట్టలేదు. తరవాత జాతి వారీగా విడదీశారు. వయసు, నొప్పి తీవ్రత లాంటి తేడాలను లెక్కలో సరిచేశాక ఓపియాయిడ్ అందిన నల్లజాతి పిల్లలు 12.2 శాతం, తెల్లజాతి పిల్లలు 33.9 శాతం అని తేలింది. ఏదో ఒక మందు అందడంలో మాత్రం మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఈ అంకెలను పట్టుకుని "మూడో వంతే" అని గట్టిగా చెప్పేముందు ఒక జాగ్రత్త అవసరం. సర్వేలో నిజంగా చూసిన కేసులు కొన్ని వందలే. అందుకే అంచనా అటూ ఇటూ ఊగిసలాడే పరిధి చాలా వెడల్పు. నల్లజాతి పిల్లల 12.2 శాతం అన్న అంకె 0.1 నుంచి 35.2 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. తేడా ఉందన్నది గట్టి మాటే, తేడా సరిగ్గా ఎంతన్నది గట్టి మాట కాదు. వార్తల్లో ఈ అధ్యయనాన్ని చెప్పినప్పుడు ఎగిరిపోయేది సరిగ్గా ఈ ముక్కే.

ఎక్స్‌రే ఉన్నా ఆగని తేడా

కడుపునొప్పికి కొలబద్ద లేదు కదా, బిడ్డ చెప్పిందే నమ్మాలి కదా అని ఎవరైనా వాదించవచ్చు. విరిగిన ఎముకకు ఆ వాదన చెల్లదు. ఫిల్ము మీద గీత కనిపిస్తూనే ఉంటుంది. అదే బృందం 2020లో ఎముక విరిగిన పిల్లల మీద మరింత పెద్ద లెక్క తీసింది. పిల్లల వైద్యానికి పేరున్న 7 ఎమర్జెన్సీ విభాగాలు, 2014 జులై నుంచి 2017 జూన్ దాకా మూడేళ్లు, ఓ మోస్తరు లేదా తీవ్రమైన నొప్పితో వచ్చిన 21,069 సందర్శనలు. సర్వే అంచనాలు కావివి, ఆసుపత్రి కంప్యూటర్లలో ఉన్న రికార్డులు.

ఇక్కడ మొత్తం పరిస్థితి చాలా మెరుగు. 86.1 శాతం మందికి ఏదో ఒక నొప్పి మందు, 45.4 శాతానికి ఓపియాయిడ్ అందాయి. జాతి వారీ ఫలితమే కాస్త వింతగా వచ్చింది. ఏదో ఒక మందు అందే అవకాశం నల్లజాతి, హిస్పానిక్ పిల్లలకే తెల్లజాతి పిల్లల కంటే ఎక్కువ. నొప్పి కనీసం రెండు పాయింట్లు తగ్గే అవకాశమూ వాళ్లకే ఎక్కువ. కానీ ఓపియాయిడ్ అందే అవకాశం తక్కువ. నొప్పి పూర్తిగా పోయి, లేదా స్వల్ప స్థాయికి దిగి ఇంటికెళ్లే అవకాశమూ తక్కువ.

రెండు ముక్కలూ కలిపి చదవాలి. సిరప్పు అందింది, ఎనిమిది ఉన్న నొప్పి ఆరుకు దిగింది, అక్కడే ఆగింది. "మందు ఇచ్చాం" అన్న గడిలో టిక్కు పడింది. ఆరు నుంచి రెండుకు దించే మందు మాత్రం మరో బిడ్డకు ఎక్కువగా వెళ్లింది. ఎవరూ పట్టించుకోలేదన్న ఆరోపణకు ఇది సరిపోదు, అందరినీ సమానంగా చూశామన్న సమాధానానికీ సరిపోదు. ఓపియాయిడ్ దగ్గర తేడా కూడా అపెండిసైటిస్‌లో కనిపించినంత పెద్దది కాదు, చిన్నదే. కానీ 21 వేల కేసుల్లో అది నిలకడగా ఉంది.

జబ్బు ఏదో ఇంకా తేలని మామూలు కడుపునొప్పుల మీద 2013లో వచ్చిన మరో అధ్యయనంలో నల్లజాతి పిల్లలకు మొదటి మెట్టు దగ్గరే, అంటే ఏదైనా నొప్పి మందు అందడంలోనే, వెనకబాటు కనిపించింది. ఎమర్జెన్సీలో వాళ్లు గడిపిన సమయమూ ఎక్కువే. మూడింటినీ పక్కపక్కన పెడితే ఒక క్రమం కనిపిస్తుంది. కళ్లకు కనిపించే రుజువు తగ్గేకొద్దీ, డాక్టర్ ఊహకు చోటు పెరిగేకొద్దీ తేడా పెరుగుతోంది. పెద్దవాళ్ల మీద 2003లో వచ్చిన ఒక పరిశోధనలోనూ ఇదే తీరు: ఎముక విరిగిన కేసుల కంటే మైగ్రేన్, నడుంనొప్పి కేసుల్లో నల్లజాతివారికి ఓపియాయిడ్ రాయడంలో తేడా ఎక్కువ.

ముప్పై ఏళ్ల పాత కథ

పిల్లల సంగతి వెలుగులోకి రాకముందే పెద్దవాళ్ల లెక్కలు వచ్చాయి. 1993లో లాస్ ఏంజెలిస్‌లోని ఒక విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో నక్స్ టాడ్ అనే డాక్టర్, ఆయన సహచరులు చెయ్యి లేదా కాలి పొడవాటి ఎముక విరిగి వచ్చిన 139 మంది కేసు షీట్లు తిరగేశారు. ఏ నొప్పి మందూ అందని హిస్పానిక్ రోగులు 55 శాతం, తెల్లజాతివారు 26 శాతం. 2000లో అట్లాంటాలో అదే పని చేస్తే మందు అందిన నల్లజాతివారు 57 శాతం, తెల్లవారు 74 శాతం.

వీటి మధ్యలో, 1994లో, అదే బృందం అడిగిన ప్రశ్న ఇంకా ఆసక్తికరం. హిస్పానిక్ రోగి నొప్పిని డాక్టర్ తక్కువగా అంచనా వేస్తున్నాడా? రోగి చెప్పిన అంకెనూ డాక్టర్ వేసుకున్న అంకెనూ పోల్చి చూశారు. జాతి వల్ల అంచనాలో తేడా కనిపించలేదు. అంటే నొప్పి ఉందని డాక్టరుకు తెలుసు. తెలిశాక కూడా మందు చేతిదాకా రాలేదు.

అమెరికా అంతటా 1993 నుంచి 2005 దాకా నొప్పితో ఎమర్జెన్సీకి వచ్చినవారి లెక్క 2008లో వచ్చింది. ఓపియాయిడ్ రాసినది తెల్లజాతివారికి 31 శాతం సందర్శనల్లో, ఆసియా తదితరులకు 28, హిస్పానిక్‌లకు 24, నల్లజాతివారికి 23. ఆ పదమూడేళ్లలో ఓపియాయిడ్ల వాడకం అందరికీ పెరిగింది కానీ మధ్యలోని ఖాళీ మాత్రం తగ్గలేదు. 2001లో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే సంస్థ ప్రతి రోగి నొప్పినీ కొలవాలని నియమం పెట్టింది. కొలవడం పెరిగితే తేడా దానంతటదే పోతుందన్న ఆశ ఫలించలేదు.

"వాళ్లకు నొప్పి తెలియదు" అన్న పాత నమ్మకం

దీని వేళ్లు బానిసత్వ కాలంలో ఉన్నాయి. నల్లజాతివారి శరీరం నొప్పిని అంతగా గ్రహించదని అప్పట్లో డాక్టర్లే రాసేవారు. సామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు 1851లో నల్లజాతివారి చర్మం మొద్దుబారి ఉంటుందంటూ దానికి ఒక జబ్బు పేరే కట్టాడు. 1840లలో అలబామాలో మేరియన్ సిమ్స్ బానిస మహిళల మీద మత్తు లేకుండా పదేపదే శస్త్రచికిత్సలు చేశాడు. ఆయన విగ్రహాన్ని న్యూయార్క్ సెంట్రల్ పార్కు నుంచి 2018లో గానీ తీయలేదు.

ఇదంతా పాత చరిత్ర అనుకుంటే పొరపాటే. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో 222 మంది తెల్లజాతి వైద్య విద్యార్థులు, రెసిడెంట్ డాక్టర్లను ప్రశ్నిస్తే దాదాపు సగం మంది తప్పుడు నమ్మకాల్లో కనీసం ఒక్కదానికి తల ఊపారు. నల్లవారి చర్మం మందం, వాళ్ల నరాల కొసలకు స్పర్శ తక్కువ లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. అలా నమ్మినవాళ్లు నల్లజాతి రోగి నొప్పికి తక్కువ అంకె వేశారు, మందు సలహా కూడా తప్పుగా ఇచ్చారు. 1994 నాటి ఫలితంతో ఇది పొసగదు కదా అనిపించవచ్చు. అది నిజమైన రోగుల దగ్గర తీసుకున్న కొలత, ఇది కాగితం మీద ఊహించిన కేసులకు వచ్చిన జవాబు. రెండూ నిజమే కావచ్చు: కొన్నిచోట్ల నొప్పి కనబడదు, కొన్నిచోట్ల కనబడినా చెయ్యి కదలదు.

పిల్లల విషయంలో ఇంకో పొర ఉంది. 1980ల మధ్య వరకు నవజాత శిశువులకు నొప్పి తెలియదన్న భావన వైద్యంలో గట్టిగా ఉండేది. కండరాలు కదలకుండా మందిచ్చి, మత్తు నామమాత్రంగా ఇచ్చి ఆపరేషన్లు చేసిన సందర్భాలు ఎన్నో. భారత్‌లో పుట్టి ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసిన కన్వల్‌జీత్ ఆనంద్ 1987లో అచ్చువేసిన పని ఆ భావనను కూల్చింది. నెలలు నిండని శిశువుల శరీరం కూడా ఆపరేషన్‌కు హార్మోన్లతో తీవ్రంగా స్పందిస్తుందని, సరైన మత్తు ఇస్తే కోలుకోవడం మెరుగవుతుందని చూపింది. కాబట్టి బిడ్డ అన్న కారణంతో ఒకసారి, నల్లబిడ్డ అన్న కారణంతో మరోసారి, నొప్పిని తక్కువ చేసిన రెండు పాత అలవాట్లు ఎమర్జెన్సీ గదిలో ఒకేచోట కలుస్తున్నాయి.

రద్దీ పెరిగితే ఏమవుతుంది

బహిరంగంగా జాతి ద్వేషం చూపే పిల్లల డాక్టర్లు అరుదు. పరిశోధకులు వెతుకుతున్నది మనిషికి తెలియకుండా పనిచేసే మొగ్గును. తెరమీద ముఖాలు, మాటలు వేగంగా జతపరిచే పరీక్షతో దాన్ని కొలుస్తారు. సియాటిల్‌లో 86 మంది పిల్లల డాక్టర్ల మీద జరిగిన ఒక అధ్యయనం 2012లో వచ్చింది. తెల్లవారి వైపు మొగ్గు పెరిగేకొద్దీ ఆపరేషన్ తరవాతి నొప్పికి నల్లబిడ్డకు బలమైన మందు రాయడం తగ్గింది, తెల్లబిడ్డకు తగ్గలేదు. ఆస్తమా, మూత్రనాళ ఇన్ఫెక్షన్, ఏకాగ్రత లోపం కేసుల్లో మాత్రం ఆ మొగ్గుకూ చికిత్సకూ లంకె కనిపించలేదు. ఆస్తమాకు మెట్లవారీ మార్గదర్శకం ఉంది, దాని ప్రకారం నడిస్తే సరిపోతుంది. నొప్పికి అంత గట్టి పట్టాలు లేవు.

2016లో పిల్లల ఎమర్జెన్సీలో పనిచేసే 91 మంది రెసిడెంట్లను షిఫ్టుకు ముందూ తరవాతా పరీక్షించారు. సగటున మొగ్గు మారలేదు. కానీ విభాగం కిక్కిరిసినప్పుడు, ఒక్కొక్కరు పది మందికి మించి రోగులను చూడాల్సి వచ్చినప్పుడు షిఫ్టు చివర అది పెరిగింది. అలసిన మెదడు అడ్డదారి వెతుక్కుంటుంది. శనివారం రాత్రి, మంచాలన్నీ నిండి, టెన్షన్ పీక్‌లో ఉన్నప్పుడు మూడు సంతకాలు కావాల్సిన మందు ఎవరికి వెనక్కి జరుగుతుందన్న ప్రశ్నకు ఈ ఫలితం కొంత దారి చూపుతుంది.

సర్జన్ చూసేదాకా కడుపునొప్పికి మందు ఇవ్వకూడదు, ఇస్తే జబ్బు మరుగున పడుతుంది అన్న పాత పాఠమూ విచక్షణకు ఒక సాకు ఇస్తోంది. ఓపియాయిడ్ ఇచ్చినంత మాత్రాన అపెండిసైటిస్ గుర్తించడం చెడిపోదని పిల్లల మీద జరిగిన ప్రయోగాలే చూపించాయి. అయినా ఆ పాఠం పూర్తిగా పోలేదు. అమెరికాలోనే కాదు, మన దగ్గరా "ముందు సార్ వచ్చి చూడనీయండి" అన్న మాట వినబడుతూనే ఉంటుంది.

సలుపు, పోటు, పీకుడు

భాష మరో మెట్టు. ప్రభుత్వ నిధులు తీసుకునే అమెరికా ఆసుపత్రులు ఇంగ్లీష్ రాని కుటుంబానికి ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలి. ఎక్కువగా అది ఫోన్లోనో, చక్రాల స్టాండు మీద తెచ్చే ట్యాబ్‌లోనో జరుగుతుంది. స్పానిష్ వెంటనే దొరుకుతుంది, తెలుగు లాంటి భాషలకు లైను మీద వేచి ఉండాల్సి రావచ్చు. అమ్మానాన్నలు ఆఫీసులో ఉండగా బిడ్డను ఎమర్జెన్సీకి తీసుకెళ్లేది ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మో నానమ్మో అయితే ఈ ఇబ్బంది తెలుగు ఇళ్లకూ కొత్త కాదు.

తెలుగులో నొప్పికి ఒక్క మాట కాదు. పన్ను పోటు పెడుతుంది, గడ్డ సలుపుతుంది, కాళ్లు పీకుతాయి, నరం గుంజుతుంది, కడుపులో మెలిపెడుతుంది, గాయం మండుతుంది, మోచెయ్యి తగిలితే జివ్వుమంటుంది. డాక్టరుకు ఇవన్నీ వేర్వేరు ఆనవాళ్లు. ఫోన్లో దుబాసీ చేతిలో పడేసరికి అన్నీ కలిసి ఒకే "పెయిన్" అయిపోయే ప్రమాదం ఉంది. పదికి ఎంత అన్న ప్రశ్నా అంత సూటిగా దిగదు. పదికి పది అంటే మంచి మార్కులని నేర్చుకున్న పిల్లవాడు దాన్ని చెడ్డ సంగతిగా చెప్పడానికి ఒక క్షణం ఆలోచించాలి. "మగపిల్లాడివి, ఏడవకు" అని పెంచిన బిడ్డ పళ్లు బిగబట్టి కూర్చుంటే ఏడుపును చూసి మార్కులు వేసే కొలత అతడికి తక్కువే వేస్తుంది.

అయితే తేడా మొత్తాన్ని భాష మీదా కుటుంబాల తీరు మీదా నెట్టేయడం కుదరదు. అమెరికా నల్లజాతి పిల్లల ఇంటి భాష ఇంగ్లీషే. 2020 లెక్కలో పోల్చింది ఓ మోస్తరు అంతకు మించిన నొప్పి నమోదైన పిల్లలనే. అంకె పడ్డాకే దారి చీలింది.

ఎక్కువ ఇవ్వడమే మంచిదా

ఓపియాయిడ్లకు అలవాటుపడి, మోతాదు మించి ఎందరో చనిపోయి అమెరికా పడ్డ కష్టం తెలిసినవారికి ఇక్కడ ఒక సందేహం రావాలి. ఆ మందుల ప్రిస్క్రిప్షన్లు 2012లో శిఖరానికి చేరి అప్పటినుంచి తగ్గుతున్నాయి. అలాంటప్పుడు తక్కువ ఓపియాయిడ్ అందిన పిల్లలు నిజానికి అదృష్టవంతులేమో? తెల్లపిల్లలకే అవసరానికి మించి ఇస్తున్నారేమో?

ఈ సందేహంలో పస ఉంది. ఎముక విరిగి ఇంటికి పంపిన 134 మంది పిల్లల మీద కెనడాలో జరిపి 2014లో ప్రచురించిన ప్రయోగంలో నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ ఐబుప్రొఫెన్ కంటే మెరుగ్గా పనిచేయలేదు, వికారం లాంటి ఇబ్బందులు మాత్రం ఎక్కువ. అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ 2024లో ఇచ్చిన మార్గదర్శకం కూడా ముందు ఓపియాయిడ్ కాని మందులనే వాడమంటుంది. అలాగని ఇంటికి సీసా కట్టి ఇవ్వడమూ, ఆసుపత్రి మంచం మీద కళ్లెదుట ఒక మోతాదు ఇవ్వడమూ ఒకటి కావు. పైగా 2020 అధ్యయనం మందును మాత్రమే లెక్కపెట్టి ఊరుకోలేదు, నొప్పి ఎంత దిగిందో కూడా కొలిచింది. నల్లజాతి, హిస్పానిక్ పిల్లలు ఇంకా నొప్పితోనే మిగిలారన్న భాగం ఉండగా "తక్కువ ఇవ్వడమే మేలైంది" అన్న వాదన నిలవదు.

సికిల్ సెల్: అక్కడ వరుస, ఇక్కడ బీరువా

ఈ తేడా అన్నిటికంటే పచ్చిగా కనబడేది సికిల్ సెల్ జబ్బులో. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటే ఎముకల్లో భరించలేని నొప్పి లేస్తుంది. రక్త పరీక్షలో ఆ నొప్పి తీవ్రత తెలియదు. అమెరికాలో నల్లజాతి పిల్లల్లో సుమారు 365 మందికి ఒకరు దీనితో పుడతారు. వచ్చిన గంటలోపు నొప్పి మందు పడాలని అక్కడి ప్రభుత్వ నిపుణుల బృందం 2014లోనే చెప్పింది. కానీ ఈ రోగులు ఎమర్జెన్సీలో ఇతరుల సగటు కంటే 25 శాతం, ఎముక విరిగినవారి కంటే 50 శాతం ఎక్కువసేపు వేచి ఉన్నారని 2013లో వచ్చిన ఒక లెక్క తేల్చింది. పదేపదే వచ్చి మార్ఫిన్ అడిగే యువకుడిని "మందుకు అలవాటు పడ్డాడు" అని అనుమానించడం అక్కడ మామూలు ఫిర్యాదు.

తెలుగు రాష్ట్రాలకు నిజమైన ముడి ఇక్కడే ఉంది. సికిల్ సెల్ మన దగ్గర ఎక్కువగా ఆదివాసీ జబ్బు. ఆదిలాబాద్, భద్రాచలం, పాడేరు ఏజెన్సీల్లో ఉంది. 2047 నాటికి దీన్ని నిర్మూలించాలని కేంద్రం 2023 జులై 1న జాతీయ మిషన్ మొదలుపెట్టింది. నలభై ఏళ్లలోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది లక్ష్యం. పరీక్ష సంగతి సరే, నొప్పి లేచిన రాత్రి సంగతి వేరు. గోండీయో కోయ భాషో మాట్లాడే తల్లి బిడ్డను ఎత్తుకుని జిల్లా ఆసుపత్రికి వస్తే ఆమెకు తెలుగే రెండో భాష.

మందు విషయంలో మాత్రం అమెరికాతో పోలిక ఒకచోట తెగిపోతుంది. అక్కడ మార్ఫిన్ యంత్రంలో ఉంది, ఎవరికి తీశారన్నదే ప్రశ్న. ఇక్కడ బీరువాలో అది ఉందా అన్నది ముందు ప్రశ్న. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తెచ్చిన లైసెన్సుల చిక్కులకు భయపడి చాలా ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచుకోవడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సవరించి గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు దారి తేలిక చేశారు. అయినా వైద్య పత్రిక లాన్సెట్ వేసిన కమిషన్ 2017లో ఇచ్చిన అంచనా ప్రకారం భారత్‌లో అందుతున్న ఓపియాయిడ్ అవసరంలో 4 శాతమే. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట్ల నొప్పి వైద్యం పాతుకుంది కానీ, ఏజెన్సీ బిడ్డకు అది చాలా దూరం.

పనిచేస్తున్నవి ఏమిటి

డాక్టర్లకు ఒక పూట శిక్షణ పెట్టి పక్షపాతం గురించి చెప్పడం అమెరికాలో బాగా వ్యాపించింది. దానివల్ల మంచం పక్కన చికిత్స మారిందని చూపే గట్టి ఆధారాలు మాత్రం తక్కువ. అంతకంటే ఆశ పుట్టించేవి మెట్లు తగ్గించే పద్ధతులు. వాటిలో ముక్కులో కొట్టే ఫెంటనిల్ ఒకటి. సిరంజి చివర చిన్న స్ప్రే ముక్క తగిలించి రెండు ముక్కు రంధ్రాల్లోనూ సగం సగం కొడతారు. సూది అక్కర్లేదు, లైను అక్కర్లేదు, కొద్ది నిమిషాల్లో పనిచేస్తుంది. విరిగిన చెయ్యికి సెలైన్ పెట్టాలా వద్దా అని తటపటాయించే మెట్టు ఒకటి తీసేసినట్టే. నొప్పి ఏడు దాటితే, ఫలానా లక్షణాలుంటే, ట్రయాజ్‌లోనే ఫలానా మందు మొదలుపెట్టాలని ముందే రాసిపెట్టడం రెండోది. బిడ్డను ఎవరు చూశారన్నది అప్పుడు అంత ముఖ్యం కాదు.

మూడోది అన్నిటికంటే చవక, అందుకే కాబోలు ఎక్కువగా మరిచిపోతారు. మందిచ్చిన అరగంటకో గంటకో మళ్లీ వెళ్లి "ఇప్పుడు పదికి ఎంత?" అని అడిగి రాయడం. సిరప్పు పడ్డాక ఆరు దగ్గర ఆగిపోయిన నొప్పి తెలిసేది అప్పుడే, పై మెట్టు ఎక్కాలా అన్న ప్రశ్న మళ్లీ లేచేది అప్పుడే. ఆ రెండో అంకెను జాతి వారీగా, భాష వారీగా నెలకోసారి విడదీసి చూసుకునే ఆసుపత్రికి తన తేడా తనకే కనబడుతుంది. రెండోసారి ఎవరూ అడగని బిడ్డ నొప్పి తగ్గిందో లేదో ఏ లెక్కలోకీ రాదు.